బెంచీ చివర మా అక్క

ఫిబ్రవరి 9, ఉదయం

అక్క నైటీ బకెట్లో నానుతోంది. చన్నీళ్లు, గుప్పెడు ఉప్పు. నీళ్లు లేత గులాబీ రంగుకి తిరిగాయి.

అక్కకి యాభై ఒకటి. నెలసరి ఆగిపోయి నాలుగేళ్లు. నేను ఆడవాళ్ల క్లినిక్‌లో నర్సుని, పదకొండేళ్లుగా క్యాన్సర్ స్క్రీనింగ్ గదిలోనే డ్యూటీ. ఆ నీళ్లు చూశాక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఎప్పటి నుంచి అని అడిగాను. వేడి చేసిందంది. మళ్లీ అడిగితే వారం నుంచి అంది. మూడోసారి తలుపుకి అడ్డంగా నిలబడి అడిగితే, పోయిన ఎండాకాలం నుంచి అంది. పది నెలలు.

అందరం ఒకే గదిలో పడుకుంటాం. ఒక పక్క అక్క, ఒక పక్క నేను, మధ్యలో అక్క కూతురు బుడ్డది. అయినా నా కంట పడలేదు. అక్క ఇరవై ఆరేళ్లుగా హోటల్ లాండ్రీలో పనిచేస్తోంది. రక్తం మరక వేడినీళ్లు తగిలితే గుడ్డని పట్టుకుంటుందని, చన్నీళ్లకి వదిలేస్తుందని ఆవిడకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? దాచాలనుకుంటే ఎన్నాళ్లైనా దాచగలదు. ఇవాళ నేను రోజూ కంటే ముందు లేచాను. అంతే.

ఈ నోట్‌బుక్ ఎవరో మందుల కంపెనీ వాళ్లు ఇచ్చింది. రాసే అలవాటు నాకు లేదు. ఇలాంటివి చెప్పుకోడానికి నాకున్నది అక్క ఒక్కతే. ఇది అక్కతో చెప్పలేను కదా.

ఫిబ్రవరి 10

డాక్టరమ్మ క్లినిక్‌కి గురువారం మాత్రమే వస్తుంది. అప్పటిదాకా ఆగుదామా అన్నాను. నువ్వే చూడు, ఇవాళే చూడు అంది. క్లినిక్ మూసేశాక, సాయంత్రం ఐదున్నరకి తీసుకెళ్లాను.

బల్ల ఎక్కి పైకప్పు కేసి చూస్తూ పడుకుంది. నేను గ్లోవ్స్ వేసుకుంటుంటే నవ్వింది.

"నీ ముడ్డి కడిగి పెంచాను. ఇప్పుడు నువ్వు నన్ను చూస్తున్నావా?"

అమ్మ పోయేటప్పటికి నాకు ఆరేళ్లు, అక్కకి పద్దెనిమిది. నిజంగానే కడిగింది. తలకి నూనె పెట్టింది, నర్సింగ్ చదివించింది. నేను చదువుకున్న ప్రతి పేజీ వెనక ఆవిడ ఇస్త్రీ చేసిన దుప్పట్లు ఉన్నాయి.

మా పరీక్ష చాలా తేలిక. గర్భసంచి ముఖద్వారం మీద వెనిగర్ అద్ది ఒక నిమిషం ఆగుతాం. చెడ్డ చోటు ఉంటే తెల్లగా తేలుతుంది. అక్కకి వెనిగర్ అక్కర్లేకపోయింది. దూది తగలగానే రక్తం కారింది. వాసన ముందే వచ్చింది.

ఏమీ లేకపోతే నేను అందరితో ఒక మాట అంటాను: అంతా బాగుందమ్మా. ఉంటే ఇంకో మాట: డాక్టరుగారు ఒకసారి చూస్తారు. అక్కతో రెండోది అన్నాను. అక్క బట్టలు సర్దుకుని, బల్ల దిగి, చెప్పులు వేసుకుని అప్పుడు అడిగింది.

"అందరికీ ఇలాగే చెప్తావా?"

ఫిబ్రవరి 11

డ్యూటీకి వెళ్లాను. పంతొమ్మిది మంది. పంతొమ్మిది మందికీ బాగుంది.

ఫిబ్రవరి 26

ముక్క పరీక్ష, స్కాన్ వచ్చాయి. డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. నాకు తెలిసిన మాటలే అన్నీ. మూడో దశ. పక్క గోడ దాకా పాకింది. ఎడమ కిడ్నీ ఉబ్బింది. ఆపరేషన్ దశ దాటిపోయింది. రేడియేషన్ ఒక్కటే దారి, దాంతోపాటు మందు.

రేడియేషన్ మిషన్లు దేశం మొత్తానికి రెండున్నాయి. రెండూ రాజధానిలోనే. ఒకటి చెడిపోయి ఏడాది దాటింది. డాక్టరమ్మ నా ముందే ఫోన్ చేసింది. తనకి తెలిసిన మనిషితో, బతిమాలే గొంతుతో మాట్లాడింది. పదిహేడు వారాలన్నారు.

నెలలోపు మొదలుపెడితే ఏమో గానీ, అని ఆగిపోయింది. నేను కూడా తర్వాతి మాట అడగలేదు.

ఇంటికొచ్చి అక్కతో లైన్‌లో పేరు పెట్టాం, పిలుస్తారు అని చెప్పాను. జనం ఎక్కువా అని అడిగింది. ఎక్కువేనన్నాను. పాపం అంది. తన గురించి కాదు, ఆ లైన్‌లో వాళ్ల గురించి.

మార్చి 1

అక్క డ్యూటీకి వెళ్లింది. ఆపలేకపోయాను.

మార్చి 3

రాయకుండా ఉందామనుకున్నాను. ఐదు రోజులుగా అన్నం గొంతు దిగట్లేదు కాబట్టి రాస్తున్నాను.

అక్క వచ్చింది. క్లినిక్‌కి, పరీక్షకి, తనంతట తానే వచ్చింది. రెండేళ్ల కిందట.

అప్పటికి మూడేళ్లుగా నేను పోరు పెడుతున్నాను. నాకేం రోగం, నీ దగ్గర బట్టలిప్పి పడుకోవాలా అని నవ్వి తప్పించుకునేది. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఊళ్లో ఆడవాళ్లందరి సిగ్గూ పోగొట్టాను గానీ మా ఇద్దరి మధ్య సిగ్గు అలాగే ఉంచుకున్నాను. ఇద్దరికీ అదే హాయిగా ఉండేది.

ఆ రోజు ఏమనుకుందో, లాండ్రీ యాప్రాన్‌తోనే వచ్చి బెంచీ చివర కూర్చుంది. నేను గది తలుపులోంచి చూశాను. నిధులిచ్చే సంస్థ వాళ్లు అదే రోజు వచ్చారు. ఎనిమిది మంది, రెండు కెమెరాలు, వస్తూనే బయట బెంచీని ఫొటోలు తీశారు. మా ప్రాజెక్టు ఆఫీసరు ముందురోజే చెప్పాడు, మా క్లినిక్ మోడల్ క్లినిక్ అని, పదకొండు గంటల నుంచి గది ఖాళీగా, శుభ్రంగా ఉండాలని. నేను బయటికెళ్లి అక్క చెవిలో చెప్పాను. ఇవాళ కుదరదక్కా, రేపు రా.

సరేనంది. లేచి వెళ్లిపోయింది. రేపు రాలేదు. నేను మళ్లీ అడగలేదు. పనిలో పడిపోయాను.

మా పుస్తకాల్లో ఉంటుంది. ముందు దశ నుంచి ముదరడానికి ఏళ్లు పడుతుంది. రెండేళ్ల కిందట ఏం కనబడేదో నాకు తెలియదు. తెలియదనే రాస్తున్నాను. తెలుసు.

మార్చి 12

ఆఫీసరు స్వీట్ ప్యాకెట్‌తో వచ్చాడు. మే నెలలో వేరే దేశంలో పెద్ద సమావేశం. ఆడవాళ్ల ఆరోగ్యంలో ప్రపంచం ఎంత ముందుకొచ్చిందో చెప్పుకునే సభట. మన క్లినిక్ తరఫున నేను మాట్లాడాలి. ఏడేళ్లలో స్క్రీనింగ్ తొమ్మిది శాతం నుంచి అరవై ఒకటికి పెరిగింది. డాక్టర్ల కంటే నర్సు చెప్తేనే వింటారన్నాడు. మంచివాడు. అక్క సంగతి ఆయనకి తెలియదు.

వెళ్లనని చెబుదామనుకుంటూ ఇంటికొచ్చాను. నేను చెప్పకముందే బుడ్డదానికి క్లినిక్ ఆయా చెప్పేసింది, అది అక్కకి చెప్పేసింది. అక్క మొహం చూడాలి. లాండ్రీ అంతా చాటింపు వేసొచ్చింది. విమానంలో కిటికీ పక్కన కూర్చో అంది.

ఏప్రిల్ 9

సమావేశంలో పంచే రిపోర్టు వచ్చింది. నున్నటి కాగితం. పద్నాలుగో పేజీలో మా క్లినిక్. పేజీ సగం ఫొటో.

పరీక్ష కోసం బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లు. చివర మా అక్క. యాప్రాన్, ఒళ్లో సంచి. అందరూ కెమెరా కేసి చూస్తున్నారు. అక్క మాత్రం నా గది తలుపు కేసి చూస్తోంది. ఫొటో కింద పెద్దక్షరాల్లో అరవై ఒక్క శాతం.

స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి పాత రిజిస్టర్ తీశాను. ఆ తేదీ. అక్క పేరు ఇరవై రెండో టోకెన్. పక్కన ‘పరీక్ష అయింది’ గడిలో టిక్. అక్క కింద ఇంకా తొమ్మిది పేర్లు, తొమ్మిది టిక్కులు. ఆ రోజు ఇరవై ఒకటో మనిషి దగ్గరే ఆపేశాం. సాయంత్రం అతిథులు వెళ్లాక, అలసిపోయి, పేజీ పై నుంచి కింద దాకా ఒకే ఊపులో కొట్టిన టిక్కులు. నీలం ఇంకు. చేతిరాత నాదే.

అంటే లెక్కలో అక్కకి పరీక్ష అయిపోయింది.

ఏప్రిల్ 10

అక్కకి చెప్పేశాను. ఫొటో చూపించాను, రిజిస్టర్ సంగతి చెప్పాను, రేపు రా అన్నది నేనేనని గుర్తుచేశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి విన్నది.

"నువ్వు రేపు రమ్మన్నప్పుడు బతుకుజీవుడా అనుకున్నానే. అంత భయమేసింది ఆ రోజు. నువ్వు వద్దంటే చాలని కూర్చున్నాను."

నిజమేనా అన్నాను. నిజమే, ఎవరి మీదైనా ఒట్టు అంది. మళ్లీ ఇస్త్రీ చేసుకుంది. నేను సమావేశానికి వేసుకోబోయే తెల్ల చొక్కా అది.

నిజమో, నన్ను ఒడ్డున పడేయడానికి అన్నదో, నాకెప్పటికీ తెలియదు. ఫొటోలో తలుపు కేసి చూస్తున్న ఆ కళ్లలో భయం ఉందా, ఎదురుచూపు ఉందా అని ఎంతసేపు చూశానో.

ఏప్రిల్ 24

ఆ తొమ్మిది మంది అడ్రసులు రాసుకుని రెండు వారాలుగా డ్యూటీ అయ్యాక తిరుగుతున్నాను. ఇద్దరు ఊరు మారిపోయారు. ఏడుగురు దొరికారు. ఆ రోజు మిమ్మల్ని చూడలేదు, తప్పు నాది, ఒకసారి రండి అని చెప్పాను. ఒకావిడ మొహం మీదే తలుపు వేసింది. మూడోసారి వెళ్తే తీసింది.

ఏడుగురిలో ఆరుగురికి ఏమీ లేదు. ఒకావిడకి తెల్లగా తేలింది. చిన్నది, గోరంత. ఇరవై మూడో టోకెన్. టైలరింగ్ చేస్తుంది. క్లినిక్‌లో ఉన్న చిన్న మిషన్‌తో ఆ చోటు గడ్డకట్టించి తీసేశాం. పది నిమిషాల పని. బల్ల దిగి, ఇంతేనా అని అడిగింది. ఇంతే అన్నాను.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. ఆ టైలరు ఆ రోజు తన పక్కనే కూర్చుందట, బొత్తాల గురించి మాట్లాడుకున్నారట. అక్క ఎంత సంతోషపడిందో. నేను వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మే 5

వచ్చేశాను. హోటల్. దుప్పటి మీద చెయ్యి వేసి చూశాను. అక్కైతే ఇంకా బాగా ఇస్త్రీ చేసేది.

బయల్దేరేటప్పుడు అక్క కాళ్లు వాచి ఉన్నాయి. డాక్టరమ్మ రోజూ వచ్చి చూస్తానంది. లాండ్రీ సూపర్‌వైజరమ్మ ఇంట్లో ఉంటానంది. అయినా రాకుండా ఉండాల్సింది నేను.

మే 6

సభకి ముందు మమ్మల్ని ఒక ఆస్పత్రికి తీసుకెళ్లారు. రేడియేషన్ విభాగం చూపించారు. ఆ ఒక్క ఆస్పత్రిలోనే నాలుగు మిషన్లు. గోడలకి చెట్ల బొమ్మలు. ముఖద్వారం క్యాన్సర్ ఈ ఏడాది ముగ్గురికే వచ్చిందని, ముదిరిన కేసు ఎలా ఉంటుందో తమ విద్యార్థులు చూడనే లేదని అక్కడి డాక్టరు గర్వంగా చెప్పాడు. గర్వపడాల్సిందే. వాళ్ల ఆడపిల్లలకి పదిహేనేళ్లుగా ఇది రాకుండా టీకా వేస్తున్నారు.

మిషన్ నడిపే అమ్మాయిని నేనొక ప్రశ్న అడిగాను, వెయిటింగ్ ఎంత అని. ఆ పిల్ల కొంచెం నొచ్చుకుంది. సారీ చెప్పింది. ఒక్కోరోజు ఇరవై నిమిషాల దాకా పట్టేస్తుందట.

మే 7

మాట్లాడాను.

ఆఫీసరు తయారుచేసిన స్లైడ్లు. మొదటి నాలుగూ అనుకున్నట్టే చెప్పాను. ఐదోది ఆ ఫొటో. గ్రాఫ్ చెప్పాల్సిన చోట అక్క కేసి వేలు చూపించాను. తర్వాత అదే వచ్చింది.

"చివర కూర్చున్నది మా అక్క. ఈ అరవై ఒకటిలో ఆవిడ కూడా ఉంది. ఆవిడకి పరీక్ష చేయలేదు. మిమ్మల్నే గదిలోకి తీసుకురావాలని పంపించేశాను. టిక్ పెట్టింది నేను. ఇప్పుడు మూడో దశలో ఉంది. మిషన్ కోసం పదిహేడు వారాల లైన్‌లో ఉంది."

నన్ను దించేస్తారనుకున్నాను. అప్పుడు చప్పట్లు. లేచి నిలబడి కొట్టారు. చాలాసేపు కొట్టారు. అంత చప్పుడులో నాకు ఏడుపు కూడా రాలేదు.

తర్వాత చుట్టూ మూగారు. కార్డులిచ్చారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ నా చేతులు పట్టుకుని, వచ్చే ఏడాది రిపోర్టులో ఈ కథ వేసుకోవచ్చా, అక్కగారి ఫొటో ఇంకొకటి దొరుకుతుందా అని అడిగింది. మా అక్కని ఇక్కడికి తీసుకురావచ్చా అని అడిగాను. ఆవిడ చేతులు వదల్లేదు. అది తమ ప్రోగ్రాం కిందికి రాదని మెల్లగా చెప్పింది. ఆవిడ కూడా మంచిదే. అందరూ మంచివాళ్లే.

మే 9

తిరుగు ప్రయాణంలో ఆఫీసరు నా పక్క సీటులో కూర్చున్నాడు. తిట్టలేదు. పాత రిజిస్టర్లన్నీ మళ్లీ చూడాల్సి వస్తుందని, నా మీద ఎంక్వయిరీ రావచ్చని చెప్పాడు. అక్క గురించి ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. వాళ్లమ్మకి పరీక్ష అయిందా అని అడిగాను. కిటికీ కేసి తిరిగాడు.

మే 21

ఉన్న ఒక్క మిషన్ కూడా ఆగింది. ఏదో భాగం ఓడలో రావాలి. అక్క తేదీ ఆగస్టుకి జరిగింది.

మే 22

చెప్పలేదు అక్కకి.

జూన్ 4

రక్తం రెండు సీసాలు ఎక్కించాం. కాలు నొప్పికి మార్ఫిన్ రాసింది డాక్టరమ్మ. మా ఊళ్లో దొరకలేదు. పక్క ఊళ్లో ఉంటుందంటే సూపర్‌వైజరమ్మ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి తెచ్చింది. లాండ్రీ వాళ్లు వంతులేసుకుని వస్తున్నారు. అక్క దుప్పట్లు ఇంట్లో ఉతకనివ్వరు, మూట కట్టుకుని పట్టుకుపోతారు. మర్నాడు మల్లెపువ్వులా తెస్తారు. అక్క వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని, సబ్బు ఎక్కువైందని వంక పెడుతుంది.

జూన్ 17

ఈ ఏడాది నుంచే మా దగ్గర బడిలో ఆడపిల్లలకి టీకా మొదలైంది. బుడ్డదానికి ఇవాళ వేశారు. పన్నెండేళ్లు. అంగీకార కాగితం మీద తల్లి సంతకం అక్కే పెట్టింది, దిండు మీద అట్ట పెట్టుకుని, గుండ్రంగా. సంతకానికి ముందు కాగితమంతా చదివించుకుంది.

బడి నుంచి రాగానే బుడ్డది చొక్కా చెయ్యి ఎత్తి, వాళ్లమ్మకి సూది గుచ్చిన చోటు చూపించింది. నొప్పిగా ఉందని మూలిగింది. అక్క ఆ చోట వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. దాన్ని ఆడుకోడానికి పంపేసి నన్ను పిలిచింది.

"దీనికి రాదు కదా?"

"రాదక్కా."

"నర్సుగా చెప్తున్నావా, చెల్లిగా చెప్తున్నావా?"

నర్సుగానే చెప్తున్నానన్నాను. పెద్దయ్యాక ఎలాగూ పరీక్ష కూడా చేయిస్తానన్నాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికెళ్తే నవ్వుతోంది. ఈ నాలుగు నెలల్లో, కాదు, నా జన్మలో అక్కని అంత తేలిగ్గా చూడలేదు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఆ చిన్న సీసా పదిహేనేళ్లుగా లోకంలో ఉంది.

జూలై 2

ఉదయం ఏడుంపావు. బుడ్డదానికి జడ వేయమని అక్క అడిగింది. మంచం పక్కన కూర్చోబెట్టి అక్క కళ్ల ముందే వేశాను. పాయలు సమంగా లేవంది. విప్పి మళ్లీ వేశాను. తలెత్తి చూసేసరికి

జూలై 3

మరణ ధ్రువీకరణలో కారణం గడిలో కిడ్నీ వైఫల్యం అని రాశారు. అది నిజమే, చివర్లో ఆగినవి అవే. నేను గుమాస్తా బల్ల ముందు కదలకుండా కూర్చున్నాను. ముఖద్వార క్యాన్సర్ అని రాయమన్నాను. మూడు గంటలు కూర్చున్నాను. ఆడవాళ్ల పేరు మీద అలాంటివి రాస్తే మీకే బాగుండదమ్మా అని పెద్దాయన నచ్చజెప్పాడు. డాక్టరమ్మ వచ్చి సంతకం పెట్టాకే రాశాడు.

ఈసారి లెక్కలో అక్క సరైన గడిలో ఉంది.

జూలై 20

ఎంక్వయిరీ. తప్పు ఒప్పుకున్నాను. రెండు ఇంక్రిమెంట్లు ఆపారు, ఉద్యోగం ఉంచారు. రిజిస్టర్లు తిరగేస్తే ఇలాంటి పేర్లు ఇంకా రెండు వందల పన్నెండు తేలాయి. అన్నీ నావి కావు. జాబితా నాకే ఇచ్చారు.

ఆగస్టు 11

రాజధాని నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. నేనే చేశాను, అక్క చోటు ఇంకొకరికి ఇవ్వమని. ఎప్పుడో ఇచ్చేశారట.

సెప్టెంబరు 5

జాబితాలో నలభై మంది అయ్యారు. ఇద్దరికి పది నిమిషాల పని పడింది. ఒకావిడని ఆలస్యంగా పట్టుకున్నాను.

బుడ్డది నాతో మాట్లాడటం తగ్గించింది. పిన్నీ అని కూడా పిలవట్లేదు. ఏం కావాలన్నా వచ్చి ఎదురుగా నిలబడుతుంది. నాకు తెలిసిపోవాలి.

అక్టోబరు 18, ఉదయం

బుడ్డదానికి మొదటిసారి నెలసరి వచ్చింది. బాత్రూమ్ లోపలి నుంచి గొళ్లెం తీయకుండా, భయంగా, అమ్మా అని పిలిచింది. రెండుసార్లు పిలిచింది.

వస్తున్నా అన్నాను.